వరంగల్‌లో కట్టడాలను దగ్గరుండి చూపించి చెప్పే సంస్థ ఒకటి పెట్టుకోలేమా?

ఓరుగల్లు_నడక
పోయిన ఆదివారం బెంగళూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు కుటుంబం వచ్చింది. పుట్టి పెరిగిన ఊరు కదా, నేనే చూపిస్తానని గొప్పగా బయలుదేరదీశాను. వేయి స్తంభాల గుడిలో వాళ్ల పదేళ్ల పాప అడిగింది: "బాబాయ్, ఈ రెండు గదుల్లో దేవుడు లేడేమిటి?" నాకు తెలియదు. కోటకు వెళ్లాక, "ఇంత పెద్ద ద్వారాలు కట్టి గోడలు కట్టలేదెందుకు?" అంది. అదీ తెలియదు. పక్కన ఒకాయన కల్పించుకుని హనుమకొండ నుంచి కోట దాకా సొరంగం ఉందని, రాణి గుర్రం మీద అందులోంచే వచ్చేదని అరగంట చెప్పాడు. పాప నా ముఖం చూసింది. నేను తోరణం వైపు చూశాను.

నలభై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. రోజూ దాటిపోయే కట్టడం గురించి రెండు వాక్యాలు సరిగ్గా చెప్పలేకపోయాను. మనలాంటి మామూలు వాళ్లకు కట్టడాలను చూడడం నేర్పే స్వచ్ఛంద సంస్థ ఏదైనా ఉందా? లేకపోతే మనమే పెట్టుకోవచ్చా? పూజలు, పురాణాలు కాదు. ఎవరు కట్టారు, ఎలా కట్టారు, ఎందుకలా కట్టారు, అంతే.

కాజీపేట_జంక్షన్
సొరంగాన్ని ఏమీ అనకండి. నా చిన్నప్పుడు అందులోకి వెళ్లిన మేక ఇంకా బయటికి రాలేదు.

మాజీ_మాస్టారు
పాపకు ఈ మాట చెప్పండి. అది త్రికూటాలయం. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు, శాసనం అక్కడే ఉంది. ఇప్పుడు శివుడికి మాత్రమే పూజ జరుగుతోంది, మిగతా రెండింటిలో మూలవిరాట్టు లేదు. ఇక కోటలోవి కీర్తి తోరణాలు. అవి నాలుగు. మధ్యలో స్వయంభూ శివాలయం ఉండేది, నాలుగు దిక్కుల నుంచి దానికి దారి చూపేవి ఈ తోరణాలు. ఆలయం రాళ్లుగా నేల మీద పడి ఉంది, దారులు మాత్రం నిలబడ్డాయి. మీరు గోడల కోసం వెతికారు, వెతకాల్సింది గుడి కోసం.

పదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను. పరీక్షలో మాత్రం "కాకతీయుల రాజధాని ఏది" అని ఒక్క మార్కు ప్రశ్న వస్తుంది.

ఓరుగల్లు_నడక
మాస్టారూ, మీ ఈ నాలుగు ముక్కలు ఆరోజు నా జేబులో ఉంటే ఎంత బాగుండేది!

షికాగో_హనుమకొండ
మాది హనుమకొండ చౌరస్తా దగ్గర. పదకొండేళ్లుగా షికాగోలో ఉంటున్నాను. మీరు అడుగుతున్న లాంటి సంస్థ ఇక్కడ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1966లో ఇక్కడ గ్లెస్నర్ హౌస్ అనే ఇంటిని కూల్చేసే పరిస్థితి వచ్చింది. హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఇల్లు, 1887లో పూర్తయింది. దాన్ని కాపాడుకోవడానికి కొందరు చేరి ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ పెట్టి, ఇంటిని కొనేశారు. తర్వాత వాళ్లకు అర్థమైన సంగతి ఏమిటంటే, ఒక ఇంటిని కొనగలం కానీ ఊరంతా కొనలేం. ఊరివాళ్లకు ఆ కట్టడాల మీద ఇష్టం కలిగితేనే అవి మిగులుతాయి. అందుకని నడకలు మొదలుపెట్టారు. చూపించేవాళ్లు జీతగాళ్లు కాదు, వాలంటీర్లు. రిటైరైన టీచర్లు, లాయర్లు, గృహిణులు. వాళ్లకు నెలల తరబడి శిక్షణ ఇచ్చి, పరీక్షించి గాని జనం ముందుకు పంపరు. ఇప్పుడు అలాంటివాళ్లు నాలుగు వందలకు పైగా ఉన్నారు. నదిలో పడవ మీద తిప్పుతూ రెండు వైపులా ఉన్న భవనాల గురించి చెబుతారు, దాని టికెట్టు డబ్బే సంస్థకు పెద్ద ఆధారం. 2018లో పేరు షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్‌గా మార్చుకుని కొత్త చోటికి వెళ్లారు. అక్కడ నాలుగు వేలకు పైగా భవనాలతో ఊరి నమూనా ఒకటి ఉంది. మా అబ్బాయి దాని ముందు నుంచి ఓ పట్టాన కదలడు.

నేను తిరిగిన మొదటి నడకలో మాకు చెప్పినావిడకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఒక భవనం ముందు నిలబెట్టి, "రెండు నిమిషాలు నేనేమీ చెప్పను, చూడండి" అంది. మేం చూశాం. తర్వాత, "ఏ అంతస్తులో కిటికీలు మారాయి?" అని అడిగింది. ఇరవై మందిలో ఇద్దరే చెప్పగలిగారు. చూడడానికి కూడా అలవాటు కావాలని నాకు ఆ రోజు తెలిసింది.

మట్టికోట_లోపల
షికాగోలో కొనేస్తారు, పడవలో తిప్పుతారు. మేం కోట లోపలే పుట్టాం. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. 2010 నుంచి చట్టం అదే. మా అన్నకు పెళ్లయి తొమ్మిదేళ్లు, పైన ఒక గది వేసుకోలేకపోయాడు. మీరు ఆదివారం వచ్చి తోరణం ముందు ఫొటో దిగి వెళ్తారు. సోమవారం నుంచి కోటతో కాపురం చేసేది మేము.

ఓరుగల్లు_నడక
మీ మాట నిజమే. నేను ఆ కోణంలో ఆలోచించలేదు.

కాజీపేట_జంక్షన్
కోట లోపలి వాళ్లనే చెప్పేవాళ్లుగా తీసుకుంటే సరిపోతుంది కదా. టికెట్టు డబ్బులో వాటా కూడా.

మట్టికోట_లోపల
టికెట్టు సంగతి తర్వాత. ముందు ఎవరైనా వచ్చి మా నాన్నను అడగాలి. రాతిగోడకు లోపలి వైపు పొడవునా మెట్లు ఉంటాయి, ఎక్కడి సైనికుడు అక్కడే పైకెక్కడానికి. దాని మీదే మేం ఆడుకున్నాం. బయట మట్టిగోడ ఎక్కడెక్కడ తవ్వుకుపోయారో మా నాన్న వేలుపెట్టి చూపిస్తాడు. ఆయన్ని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

పాలంపేట_దారి
అసలు ఏ సంస్థా లేనట్టు మాట్లాడుకోవడం బాగాలేదు. కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ఉంది, రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా దాకా వెళ్లడంలో వాళ్ల కృషి ఉంది. 2021 జూలైలో గుర్తింపు వచ్చినప్పుడు నేను గుడి దగ్గరే ఉన్నాను, ముక్కూ ముఖం తెలియనివాళ్లు కూడా మిఠాయి పంచారు. దేశం మొత్తానికి ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ ఉంది, 1984 నుంచి. కాకపోతే పరిరక్షణ ఒక పని, పదేళ్ల పాప ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంకో పని. రెండోదానికి మనుషులు కావాలి.

రామప్ప గురించి ఒక్క మాట. వచ్చినవాళ్లంతా "తేలే ఇటుక ఎక్కడ" అని అడుగుతారు. నీళ్లలో తేలడం దాని గొప్ప కాదు. గోపురం బరువు తగ్గాలని సన్నని రంధ్రాలతో తేలికైన ఇటుక కాల్చారు. కింద పునాది ఇసుక మీద, పైన తేలికైన శిఖరం. ఈ రెండూ కలిపి చెబితేనే రేచర్ల రుద్రుడి శిల్పులు ఏం ఆలోచించారో తెలుస్తుంది. 1213 నాటి ఆలోచన! చెప్పేవాళ్లు మాత్రం బకెట్టు దగ్గరే ఆగిపోతారు.

కాజీపేట_జంక్షన్
మార్కో పోలో రామప్పను చూసి మెచ్చుకున్నాడని కూడా చెబుతారు.

మాజీ_మాస్టారు
ఆయన తన యాత్రా కథనంలో రామప్ప ఊసే ఎత్తలేదు. మోటుపల్లి రేవు వైపు రాజ్యాన్ని, పాలించే రాణిని, వజ్రాలను, సన్నని బట్టలను వర్ణించాడు. రామప్పకు మార్కో పోలో కితాబు అవసరమా?

దేశాయిపేట_అక్క
మీరంతా కాకతీయులను వదలరు. ఎనిమిది వందల ఏళ్ల నాటిదైతేనే కట్టడమా?

మా అమ్మమ్మ వాళ్లది భవంతి ఇల్లు. మధ్యలో ఆకాశం, నాలుగు వైపులా వసారా, గూన పెంకుల కప్పు. వాన పడితే నాలుగు చూరుల నుంచి నీళ్లు నడిమధ్యలోకి దూకేవి. పిల్లలం ఒక్కో మూలన ఒక్కో బిందె పెట్టి, ఎవరి బిందె ముందు నిండుతుందో చూసేవాళ్లం. గోడ మందం ఎంతంటే, కిటికీలో నేను కాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని. మే నెలలో కూడా ఫ్యాను లేకుండా నిద్రపట్టేది.

రెండేళ్ల క్రితం మామయ్యలు పంపకాలు చేసుకున్నారు. కూల్చడానికి ముందే ఒకాయన టేప్ పట్టుకుని వచ్చి టేకు స్తంభాలు, దర్వాజాలు కొలుచుకున్నాడు. ఏదో ఫాంహౌసుకు అట. స్తంభాలు లారీ ఎక్కుతుంటే మా చిన్న మామయ్య ఒక స్తంభం దగ్గర నిలబడిపోయాడు. దాని మీద గీతలు ఉన్నాయి, అన్నదమ్ములు ఏటా తమ ఎత్తు గీసుకున్నవి. ఆ స్తంభం కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కడ నాలుగు అంతస్తులు, కింద పార్కింగ్. ఈ ఇంటిని ఏ సంస్థ జాబితాలో రాసేది?

గానుగసున్నం
అక్కా, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మా తాత అలాంటి ఇళ్లు కట్టిన మేస్త్రీ. సున్నం నీళ్లలో నానేసి, ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో రుబ్బేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసేవారు. "వేళ్ల మధ్య వెన్నలా జారాలి, ఇసుక గరగర తెలిస్తే మళ్లీ తిప్పు" అనేవాడు. గచ్చు చేశాక ఆడవాళ్లు వరుసగా కూర్చుని నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దేవాళ్లు. ఆ మెరుపు పాలిష్‌ది కాదు, వాళ్ల మోచేతులది.

ఇప్పుడు పాత ఇళ్లు బాగుచేస్తామంటూ సున్నపు గోడ మీద సిమెంటు పూస్తున్నారు. సున్నపు గోడ తేమను పీల్చి వదిలేస్తుంది. పైన సిమెంటు వేస్తే తేమకు బయటికి దారి ఉండదు. రెండు వర్షాకాలాలకు పెచ్చులు ఊడతాయి. "పాత గోడ పాడైపోయింది, కూల్చేద్దాం" అంటారు. పాడైంది గోడ కాదు, మందు.

షికాగో_హనుమకొండ
మీలాంటివాళ్లు మాట్లాడితే జనం గంటసేపు కదలకుండా వింటారు. ఒక్క నడకకు రండి.

గానుగసున్నం
నాకు మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. తాపీ ఇవ్వండి, చూపిస్తాను.

మాజీ_మాస్టారు
జాబితా అంటే మరి గడీలు, అంటే పాత దొరల కోటల్లాంటి ఇళ్లు కూడా రాయాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో గడీలను మించిన ఇళ్లు లేవు. ఎత్తైన ప్రహరీ, బురుజులు, లోపల రెండు మూడు చావడులు, చెక్కిన టేకు, రంగుల అద్దాలు. చాలా వాటికి కప్పు కూలి చెట్లు మొలుస్తున్నాయి. ఇంకో పదేళ్లు ఆగితే ఫొటోలు కూడా మిగలవు.

జనగామ_వాసి
మిగలకపోతే ఏమవుతుంది మాస్టారూ? మా ఊరి గడీ గోడకు మా ముత్తాత రాళ్లు మోశాడు. కూలి ఇవ్వలేదు. వెట్టి. ఆ గేటు ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. మా నానమ్మ పురిటి బిడ్డను ఇంట్లో పడుకోబెట్టి గడీలో వడ్లు దంచడానికి వెళ్లింది. ఇదే జనగామ వైపు కడవెండిలో 1946 జూలై 4న దొరలపై పోరాడిన దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగింది ఏ గడీ మనుషుల చేతుల్లోనో మీరే కదా పిల్లలకు పాఠం చెప్పారు. రంగుల అద్దాల అందం చూడమంటే నాకు కనపడదు. కూలితే కూలనివ్వండి.

కాజీపేట_జంక్షన్
దీనికి నా దగ్గర జోకు లేదు.

పాలంపేట_దారి
కానీ అన్నా, అలా అనుకుంటే ఏ కోట మిగులుతుంది? కోట గోడకు మాత్రం కూలి ఇచ్చి మోయించారా?

జనగామ_వాసి
ఎనిమిది వందల ఏళ్లు దాటితే నొప్పి తెలియదు. మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు. తేడా అదే.

దేశాయిపేట_అక్క
ఆయన కోపం నాకు అర్థమైంది. నేను మా భవంతి గురించి రాసేటప్పుడు ఆ ఇంటి వెనక వాకిలి గురించి రాయలేదు. పనివాళ్లు అటు నుంచే రావాలి, ముందు గడప తొక్కకూడదు. అమ్మమ్మ నీళ్లు కూడా పైనుంచి పోసేది. అదీ ఆ ఇంటి నిర్మాణంలో భాగమే కదా.

షికాగో_హనుమకొండ
గ్లెస్నర్ హౌస్ గురించి మొదట రాయనిది ఇప్పుడు రాయాలనిపిస్తోంది. వీధిలోంచి చూస్తే అది ఇల్లులా ఉండదు, రాతికోటలా ఉంటుంది. వెలుగంతా లోపలి పెరటి వైపు. అచ్చం గడీ. యజమాని వ్యవసాయ యంత్రాల కంపెనీలో పెద్ద మనిషి. లోపల ఉత్తరం గోడ వెంబడి పొడవైన నడవా ఒకటి ఉంది. పనివాళ్లు అతిథుల కంటపడకుండా అందులోంచే తిరిగేవాళ్లు. వీధి చప్పుడు, చలిగాలి కూడా ముందు ఆ నడవాకే తగిలేవి. అంటే యజమానికి చలి తగలకుండా అడ్డు పనివాళ్ల నడవానే. మాకు ఇల్లు చూపించినాయన హాల్లో కంటే ఆ నడవాలోనే ఎక్కువసేపు నిలబెట్టాడు. ఇల్లు కూలి ఉంటే ఆ నడవా కూడా పోయేది. అక్కడ నిలబడి చెప్పేదాన్ని పుస్తకంలో చదివితే అంత బరువుగా ఉండదు.

జనగామ_వాసి
వాళ్ల దగ్గర ఆ నడవా చూపిస్తారు. మన దగ్గర గడీ బాగుచేస్తే హోటలు చేసి, చెప్పులు విప్పిన చోట "స్వాగతం" అని ముగ్గు వేస్తారు.

మాజీ_మాస్టారు
అలా వేయకుండా చూడడానికే నీలాంటివాడు అక్కడ ఉండాలి. నేను అందం గురించి మాత్రమే మాట్లాడాను, అది నా పొరపాటు. గడీ చూపించే రోజు నువ్వు ముందు మాట్లాడు, స్తంభాల సంగతి నేను తర్వాత చెబుతాను. మీ నాన్నగారు వస్తానంటే మరీ మంచిది.

జనగామ_వాసి
నాన్నను అడుగుతాను. మాట ఇవ్వలేను.

మిల్లు_కాలనీ
గుడులు, గడీలు అయ్యాయి. ఆజంజాహి బట్టల మిల్లు గురించి ఒక్కరూ ఎత్తలేదు. 1934లో మొదలైన మిల్లు. మా ఇంట్లో గడియారం ఉండేది కాదు, సైరనే గడియారం. అది మోగితే అమ్మ పొయ్యి వెలిగించేది. ఆ మిల్లు ఎంత పెద్దదో ఈ తరం పిల్లలకు చెబితే నమ్మరు. సెంట్రల్ జైలును 2021లో కూల్చినప్పుడు కూడా రెండు రోజులు మాట్లాడుకుని వదిలేశాం.

పాలంపేట_దారి
జైలును కూల్చింది ఆసుపత్రి కోసం. ఆసుపత్రి వద్దంటారా?

మిల్లు_కాలనీ
వద్దనలేదు. కూల్చే ముందు ఒక్క నెల ఎవరైనా కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, అక్కడ పనిచేసినవాళ్లతో మాట్లాడి ఉంటే బాగుండేదంటున్నాను. ఆసుపత్రి కట్టడానికి అది అడ్డు కాదు.

షికాగో_హనుమకొండ
ఇక్కడ రిచర్డ్ నికెల్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. కూల్చేస్తున్న భవనాలలోకి దూరి ఫొటోలు తీసి, చెక్కడాలు విప్పి దాచేవాడు. 1972లో పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం కూలుస్తుండగా అందులోనే శిథిలాల కింద పడి చనిపోయాడు. ఆ భవనంలోని వ్యాపార మందిరాన్ని తర్వాత ఇక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తిరిగి నిలబెట్టారు.

మాజీ_మాస్టారు
విప్పి నిలబెట్టడం మనకూ తెలుసు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచారు. ఏళ్ల తరబడి ఆ రాళ్లు నంబర్లు వేసుకుని పక్కన పడి ఉంటే, ఇక అంతేనని నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు వెళ్లి చూస్తే ఏది కొత్త రాయో వెతుక్కోవాలి.

ఖాతా_పుస్తకం
ఆడిట్ పని చేసేవాణ్ని కాబట్టి కాగితాల సంగతి చెబుతాను. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టు అయితే ఇంతమంది అక్కర్లేదు, డీడ్ రాసుకుంటే చాలు. విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. కానీ దయచేసి వీటితో మొదలుపెట్టకండి. లెటర్‌హెడ్, స్టాంపు, అధ్యక్ష ఉపాధ్యక్షులు తయారై ఒక్క పని కూడా చేయని సంఘాల లెక్కలు నా అల్మారా నిండా ఉన్నాయి. ముందు నాలుగు నడకలు నడవండి. ఐదోదానికి కూడా జనం వస్తే నా దగ్గరికి రండి. ఫీజు వద్దు.

కాజీపేట_జంక్షన్
అధ్యక్ష పదవి లేకపోతే నేను రాను. కనీసం సమోసాల కార్యదర్శి ఇవ్వండి.

ఓరుగల్లు_నడక
సమోసాల కార్యదర్శి పదవి ఖాయం, ఖర్చు కార్యదర్శిదే.

అయితే మొదటి నడక వచ్చే ఆదివారం పెట్టుకుందాం. ఎండ ముదరకముందే అయిపోవాలి, కాబట్టి ఉదయం ఆరున్నర. శివనగర్ మెట్ల బావి, అక్కడి నుంచి కోటకు వెళ్లి రాతిగోడ మెట్లు, ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం, చివరికి తోరణాలు. రాతిగోడ దగ్గర మట్టికోట సోదరుడి నాన్నగారు చెబుతారు. తోరణాల దగ్గర మాస్టారు. ఖుష్ మహల్ గోడలు కిందికి వచ్చేకొద్దీ ఎందుకు మందమయ్యాయో గానుగసున్నం చెప్పాలి, మైకు ఉండదు.

మట్టికోట_లోపల
నాన్నకు ఇప్పుడే చెప్పాను. "ఎంతమంది వస్తారు, టీ పెట్టించాలా" అన్నాడు. పొద్దుటి నుంచి మెట్ల దగ్గర ముళ్లకంప కొడుతున్నాడు.

దేశాయిపేట_అక్క
మా చిన్న మామయ్యను తీసుకొస్తాను. పాత ఇళ్ల మాటెత్తితే ఆయన మాట్లాడడు, కానీ వస్తానన్నాడు.

గానుగసున్నం
గోడలు నాకు చూపించండి, చెబుతాను. తాత దగ్గర మిగిలిన గులకరాయి ఒకటి ఉంది, పిల్లలకు పట్టుకుని చూడడానికి తెస్తాను.

జనగామ_వాసి
నేను ఈ ఆదివారం రాలేను. గడీకి పెట్టుకున్న రోజు చెప్పండి. నాన్న "వచ్చి ఏం చెప్పాలి" అని రెండుసార్లు అడిగాడు.

మిల్లు_కాలనీ
బస్సులో వచ్చేవాళ్లు మెట్ల బావి దాకా రాలేకపోతే నేరుగా తోరణం దగ్గర కలవచ్చా?

మాజీ_మాస్టారు
ఏ తోరణం? నాలుగున్నాయి.

ఓరుగల్లు_నడక
పడమటిది. ఖుష్ మహల్ వైపు ఉన్నది.

కాజీపేట_జంక్షన్
పడమర అంటే సొరంగం ఉన్న వైపేనా?